సుందరరాజు పడవోళ్ళు

ఏం ప్రశాంతీ, ఆ టీషర్టు మీద ఏందా బొమ్మ? ఇట్ల తిరుగు. రవ్వంత ఎల్తుర్లోకి రా, నాకు ఈ కంట్లో పొర వచ్చినకాడ్నించి అన్నీ మసగ్గానే ఉండాయి. చెట్టు కొమ్మ మీద పడవ కదా అది? అదే, అదే. యాడ కొన్నావు? తిరపతి బస్టాండు బయటనా? ఎవురిదో తెలీకుండానే కొన్నావా, బొమ్మ బాగుండాదని? ఓర్నాయనో! ఈ మాట నువ్వు సుందరరాజు ముందర అనింటే ఆయప్ప నిన్ను ఈ అరుగు దిగనిచ్చిండడు. "పోయి వేరే గుడ్డ ఏసుకోని రా పో, అది నీలాంటోళ్ళు ఏసుకునే బొమ్మ కాదు" అనింటాడు. నిజ్జంగా అనేవాడు. నవ్వొద్దు. కూర్చో, ఆ మంచం మీద కూర్చో. కాఫీ తాగినావా? సరే.

సుందరరాజు ఎవురా? నీకెట్ల తెలుస్తాదిలే, నువ్వు పలక పట్టుకోని తిరిగేటప్పుడే ఆయప్ప పోయినాడు. అదో, ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి పెట్టుండారే, ఆ ఇల్లే ఆయప్పది. కింద టైపు ఇన్‌స్టిట్యూటు, పైన కాపురం. ఈ చిత్తూరు గ్రీంసుపేటలో సర్కారు ఉద్యోగం వచ్చినోళ్ళల్లో సగం మంది ఆయప్ప కాడ టైపు నేర్చుకున్నోళ్ళే. పొద్దున లేస్తే టకటకటకా, మా ఇంటి గోడ అదిరిపోయేది. ఆదివారం వస్తే మాత్రం కోటు, టై, తలకు నూనె రాసుకోని చర్చికి పోయి ఆర్గను వాయించేవాడు. సేతి ఏళ్ళు అట్ల ఉండేవి సూడు ఆయప్పకు, పొడుగ్గా, వెదురు పుల్లల మాదిరి. భార్య స్టెల్లా, పెద్దాస్పత్రిలో నర్సు. పిల్లల్లేరు. నన్ను అన్నా అన్నా అని పిలిచేది, మీ అవ్వకు జరం వస్తే సూది ఏసేదానికి ఇంటికే వచ్చేది. మంచి మనిషి. రవ్వంత నోరు జాస్తి, అయినా మంచి మనిషి.

ఏం సెప్తా ఉన్నా? ఆఁ, పడవోళ్ళు. మిషన్ ఆస్పత్రిలో ముందు కాలంలో ఒగ తెల్ల డాక్టరు ఉండేవాడంట. దేశం ఎళ్ళిపోతా, ఈయప్ప ఆర్గను వాయిస్తాడు కదా అని తన రికార్డు ప్లేయరూ, ఒగ పెట్టెడు రికార్డులూ ఇచ్చిపోయినాడు. అన్నీ దేవుని పాటలే. వాటి మధ్యలో ఒగటి మాత్రం, ఆ డాక్టరు కొడుకుదేమో మరి, ఎట్ల కలిసిందో, ఈ బొమ్మది. చెట్టు మీద పడవ. సుందరరాజు అది కూడా దేవుని పాటే అనుకోని పెట్టినాడంట. రికార్డు ఒగ పక్కంతా ఒకటే పాట. మొదలు గిటారు, ఆనక డ్రమ్ములు మన కొండల్లో ఉరిమినట్ల, అరుపులు, మళ్ళా అంతా ఆగిపోయి నడిమధ్యలో ఆర్గను ఒక్కటే మెల్లింగా, మెల్లింగా ఎక్కతా పోతాదంట. ఆ రోజు ఆయప్ప అన్నం కూడా తినలేదంట. ఆ పాట వాయించినోళ్ళకు ఇంగ్లీషులో ఏందో పేరుండాది, నా నోటికి తిరగదు. మేము పడవోళ్ళు అనేవాళ్ళం.

అప్పట్నించి రోజూ సాయంత్రం ఇన్‌స్టిట్యూటు మూసేది, కాళ్ళు కడుక్కునేది, ముందర గదిలోకి పొయ్యి తలుపు గడియ పెట్టుకునేది. ఆ పాట అయిపోయిందాకా తియ్యడు. స్టెల్లా బయట చపాతీలు ఒత్తుకుంటా ఉంటాది. నేనెప్పుడన్నా పోతే, "గమ్మునుండన్నా, లోపల నా సవతి ఉండాది" అనేది. నవ్వతానే అనేది, మనకు తెలీదా ఏంది, ఆ నవ్వులో ఎంత నవ్వుండాదో. ఒగసారి ఆయమ్మ నేనూ వస్తా అని అడిగిందంట. ఆయప్ప ఏమన్నాడంటే, "నువ్వు నడిస్తే రికార్డు మీద ముల్లు అదురుతాది. అయినా నీకర్థం కాదులే" అని. పెండ్లాంతో అనే మాటనా అది? చెప్పు. ఆయప్ప కత అట్లాంటిది మరి. వాళ్ళు నా వాళ్ళు, ఈ జిల్లాలో నాకొక్కడికే తెలుసు వాళ్ళు, అనే గర్వం. బంగారు గొలుసు ఉన్నోడు గొలుసు సూపించుకోని తిరుగుతాడు. ఈయప్ప అట్ల కాదు. ఎవురన్నా సూస్తే అరిగిపోతాదేమో అన్నట్ల దాసిపెట్టుకున్నాడు.

దాసిపెట్టుకున్నోడు గమ్మున ఉండచ్చు కదా? ఉండలేడు. చర్చిలో కానుకల పళ్ళెం తిప్పేటప్పుడు ఆర్గను వాయిస్తారు, తెలుసా నీకు? స్టెల్లమ్మ మనమరాలి పెండ్లికి, అదే, ఆయమ్మ అక్క మనమరాలు, దానికి పోయినావు కదా నువ్వు, సూసుంటావు. ఆ కానుకలప్పుడు సుందరరాజు ఈ పాట నడిమధ్యలో ఉండే ఆర్గను ముక్క ఎత్తుకునేవాడు. ఎవురికి తెలుస్తాది? ఊరంతా దానికి అలవాటు పడిపోయింది. చర్చి ముందర నిలబడి నేనూ ఎన్నోసార్లు విన్నా. పాస్టరయ్య, "సుందరరాజు గారూ, ఆ రాగంలో అభిషేకముంది సుమండీ, మీరే కట్టినారా?" అన్నాడంట. ఈయప్ప అవునూ అనలా, కాదూ అనలా. తల వంచుకోని నవ్వినాడు. అంతే, సుందరరాజు కట్టిన పాట అయిపోయింది అది. స్టెల్లా కూడా అట్లే అనుకునింది. ఆ ముక్క వచ్చినప్పుడు కొంగు తల మీదికి లాక్కోని కండ్లు మూసుకునేది. మా ఇంటామెతో సెప్పిందంట, "ఈయన నాకు సేసిందేముండాది వదినా, చీరా లేదు, సినిమా లేదు. ఆదివారం ఆ పాట మాత్రం నాకోసరమే వాయిస్తాడు అనిపిస్తాది" అని. మా ఇంటామె అది నాకు సెప్పి ముక్కు సీదుకునింది. నేనూ నిజమే అనుకున్నా. ఆ గదిలో ఉండేదీ, చర్చిలో వాయించేదీ ఒగటే పాట అని మాకు యాడ తెలుసు? మూసిన తలుపు, లోపల రవ్వంత సౌండు.

ఆ మాదిరి శానా కాలం గడిచిపోయింది. కంప్యూటర్లు వచ్చినాయి, టైపు నేర్చుకునేవాళ్ళు తగ్గినారు. అప్పుడు వచ్చినాడు మోహన. తిరపతిలో బస్టాండు కాడ క్యాసెట్ల అంగడి వాడిది. బయటంతా ఎంకన్న పాటలు, గోవింద నామాలు. లోపల బీరువాలో మాత్రం ఇంగ్లీషు పాటలు, వాడి సొంతానికి. బొద్దుగా, ఎప్పుడూ నవ్వు మొగం. కాణిపాకం అంగళ్ళకు వినాయకుడి క్యాసెట్లు ఏసేదానికి పోతా పోతా, ఒగ ఆదివారం మన చిత్తూర్లో చర్చి ముందర స్కూటరు ఆగిపోయింది. ఇంజను చెడిపోయి కాదు. ఆర్గను వినపడి. చెప్పులు బయట ఇడిచి, బొట్టుతోనే పోయి ఎనక బెంచీలో కూర్చున్నాడంట. ప్రార్థన అయిపోతానే గబగబా ముందరికి పోయి, "సార్, సార్, మీరు వాయించింది పడవోళ్ళ పాట కదా! చిత్తూర్లో ఇది తెలిసినోళ్ళు ఉండారా సార్! నేనొక్కణ్ణే అనుకున్నా సార్, మీ కాళ్ళు మొక్కాల సార్!" అని సేతులు పట్టుకున్నాడు.

ఇంగొకడైతే కౌగిలించుకుంటాడు. ఇన్నేండ్లకు తన మాదిరి పిచ్చోడు ఇంగొకడు దొరికినాడు కదా. సుందరరాజు మొగం సున్నం కొట్టినట్ల అయిపోయింది. పక్కన స్టెల్లా నిలబడుండాది. పాస్టరయ్య నిలబడుండాడు. "ఏ పడవ? నాకు తెలీదు. ఇది నా సొంతం" అనేసినాడు. మోహన ఒగ నిముసం ఆయప్ప మొగం సూసినాడంట, ఆనక స్టెల్లా మొగం సూసినాడంట. "అట్లనా సార్, పొరపాటు పడినా సార్" అని దండం పెట్టి వచ్చేసినాడు. స్టెల్లా మొగుడి మాటే నమ్మింది. వాడి గొప్పతనం అది. కోపం పెట్టుకోలా. మళ్ళా ఆదివారం ఆయప్ప ఇంటికే వచ్చినాడు, ఆ పై ఆదివారమూ వచ్చినాడు. వచ్చినప్పుడంతా ఒగ క్యాసెట్టు. పడవోళ్ళు ఒగ రికార్డు కాదంట, సంచీడు రికార్డులు సేసినారంట! సుందరరాజుకు ఒగటే తెలుసు. మోహనకు అన్నీ తెలుసు. గిటారాయన పేరేంది, ఆర్గనాయన పేరేంది, వాళ్ళిద్దురూ ఎందుకు పోట్లాడుకోని ఇడిపోయినారు, ఎవురు యాడ ఉండారు, అన్నీ నోటి మిందనే. సుందరరాజు ఇదో ఈ అరుగు మీద కూర్చోని నాతో అనేవాడు, "నేను వాళ్ళతో సంసారం సేసినా గోవిందూ. వాడు ఊరికే వాళ్ళ అడ్రసు తెలుసుకున్నాడు." ఆయప్ప కడుపులో ఎట్ల మండేదంటే, ఆ క్యాసెట్లు మోహన ముందర టేబుల్ మీద ఇసిరేసేవాడు, వాడు పోతానే ఎత్తుకోని లోపలికి పొయ్యేవాడు, తలుపేసుకునేవాడు. వినేవాడు. విని బయటికి వచ్చి, "నాది బాగుండాది, వాడి క్యాసెట్టు అంత లేదు" అనేవాడు.

ఇంగ అసలు సంగతికి వస్తా ఉండా, ఉండు. ఒగ పొద్దు మోహన పేపరు పట్టుకోని పరిగెత్తుకోని వచ్చినాడు. నున్నగా గుండు, గుండుకు చందనం. "సార్, కలిసిపోయినారు! ఇన్నేండ్ల తరవాత నలుగురూ మళ్ళా కలిసి వాయిస్తా ఉండారు. బెంగుళూరుకు వస్తా ఉండారు సార్! వాళ్ళిద్దురూ రాజీ పడితే తల నీలాలు ఇస్తానని ఎంకన్నకు మొక్కుకున్నా. ఆయన కనికరించినాడు. రెండు టికెట్లు తీసినా, మీరు రావాల." వాడు సంతోషంతో ఏడస్తా ఉండాడు సూడు, గుండు మీద చందనం కారిపోతా ఉండాది. సుందరరాజు పేపరు అటు తిప్పి ఇటు తిప్పి సూసి, "ఆ రోజు నాకు వేరే పనుండాది" అన్నాడు. మోహన మొగం వాడిపోయింది. పోయినాడు. వాడు సందు మలుపు తిరిగినాడో లేదో, ఈయప్ప నా కాడికి వచ్చి కూర్చున్నాడు. ఆనక అన్నాడు, "వాడు మొక్కుకున్నాడంట గోవిందూ. నేను రోజూ మోకాళ్ళ మీద ప్రార్థన సేస్తానే, ఒగ్గరోజన్నా వాళ్ళను కలపమని అడిగినానా? నాకు తోచనే లేదు సూడు. వాడికి తోచింది." గుండు కొట్టించుకున్నోణ్ణి సూసి ఓర్వలేనోణ్ణి అప్పుడే సూసినా నేను. ఆనక, "నీ కారు కావాల. బెంగుళూరు పోవాల. మోహనకు తెలీకూడదు" అన్నాడు.

నాకప్పుడు అంబాసిడర్ ఉండేది కదా, తెల్లది. దాని మాదిరి కారు ఇంగ రాదు. పలమనేరు ఘాటు ఎక్కతా ఉంటే... సరే, దాని సంగతి వద్దులే. పొయ్యే రోజు పొద్దున కారు తీస్తా ఉంటే, స్టెల్లా ఎర్రంచు చీర కట్టుకోని, బ్యాగు పట్టుకోని, వచ్చి ఎనక సీట్లో కూర్చునింది. సుందరరాజు "నువ్వెందుకు?" అన్నాడు. "పెండ్లయినకాడ్నించి వింటా ఉండా దాని సంగతి. నా సవతి ఎట్లుంటాదో నేనూ సూడాల" అనింది. "నీకు తలనొప్పి వస్తాది, పెద్ద సౌండు." "మాత్ర తెచ్చుకున్నా." ఆయప్ప ముందర సీట్లో కూర్చున్నాడు. కానీ దావంతా ఏళ్ళు మోకాళ్ళ మీద కొట్టుకుంటా ఉన్నాడు. కోలారు కాడ టీ తాగేటప్పుడు నన్ను పక్కకు పిలిచి, "గోవిందూ, అన్ని రికార్డులుండాయి కదా వాళ్ళవి, ఆ పాట వాయించరు లే కదా?" అన్నాడు. నాకేం తెలుసు? "ఏ పాట?" అంటే టీ గ్లాసు పెట్టేసి కారు కాడికి పోయినాడు.

ఆయప్ప ఏమనుకున్నాడంటే, మహా అంటే ఒగ యాభై మంది వస్తారు, అంతా ముసలోళ్ళు, తనను ముందర కుర్చీలో కూర్చోబెడతారు అని. కోటు కూడా ఏసుకున్నాడు. బెంగుళూర్లో ఆ మైదానం దావలో కార్లు కదలవు. ఎవురిని సూసినా రొమ్ము మీద చెట్టు, చెట్టు మీద పడవ. "వీళ్ళంతా యాడికి పోతా ఉండారు? క్రికెట్టు ఏమన్నా ఉండాదా?" అంటాడు. గేటు కాడ టికెట్లు కొని లోపలికి పోయినాం సూడు, తిరణాల. మన గంగజాతరకు వచ్చినంత జనం. కుర్చీల్లేవు, ఏమీ లేవు, నిలబడల్సిందే. అంతా నీ వయసోళ్ళు. ఆయప్ప జనాన్ని సూస్తా సూస్తా రవ్వంత రవ్వంత పొట్టిగా అయిపోయినట్ల అనిపించింది నాకు. మా ముందర ముక్కుపుడక పెట్టుకున్న పాప ఒగతి, పాట మొదలుకాక ముందే రాగం తీస్తా ఉండాది. ఆయప్ప ఆ పాప భుజం తట్టినాడు. "ఏమ్మా, నీకెట్ల తెలుసు ఇది?" అంటే, ఆ పాప నవ్వి, "మా డాడీ నన్ను ఉయ్యాల్లో ఏసి ఇదే పాడేవాడు అంకుల్" అనింది. సుందరరాజు సెయ్యి ఎనక్కి తీసుకున్నాడు. మొగం అట్ల తిప్పుకున్నాడు. అంతలో ఎనకనించి, "సార్! సార్! వచ్చినారా! నాకు తెలుసు మీరు వస్తారని!" మోహన. నున్నటి గుండు, ఆ జుట్లోళ్ళ మధ్యలో నిలబడి మెరస్తా ఉండాది. ఒగరిద్దురు పిల్లోళ్ళు అది స్టైలు అనుకోని గుండుతో ఫోటో కూడా తీసుకున్నారంట. వాడు వచ్చి సుందరరాజు భుజం మీద సెయ్యేసుకోని నిలబడినాడు. "పనుండాది అన్నారే" అని ఒగ్గ మాట అడగలా.

వచ్చినారు వాళ్ళు. పొద్దు కుంకతా ఉండాది, లైట్లు ఏసినారు. ఎట్లుంటారో అనుకున్నా నేను. ముసలోళ్ళు పాపా! నా మాదిరి ముసలోళ్ళు. గిటారాయన బక్కగా, తెల్ల జుట్టు ఎనక్కి కట్టుకోని. ఆర్గనాయన లావు, మోకాళ్ళు సరిగ్గా లేవేమో, ఇద్దురు సెయ్యి పట్టుకోని తెచ్చి కూర్చోబెట్టినారు. మనం ఇప్పుడు నవ్వచ్చు గానీ, వాయించినారు సూడు, నా రొమ్ములో ఎవురో లోపల్నించి గుద్దినట్ల ఉండాది. నాకు సంగీతం తెలీదు. లారీ స్టార్టయితే డ్రైవరుకు కాళ్ళల్లో తెలుస్తాదే, ఆ మాదిరి తెలిసింది. ఆర్గనాయన పక్కన ఇంగొక పిల్లోణ్ణి కూర్చోబెట్టినారు. ఆయన ఏళ్ళు బిగిసిపోయినాయంట, బిరబిరా వాయించే కాడ ఈ పిల్లోడు అందుకుంటాడు. సుందరరాజు వాణ్ణి సూసి పండ్లు కొరకతా ఉండాడు. "వాడు తాళం తప్పినాడు. వాడికేం తెలుసు? నా మాదిరి ఎవురు వాయిస్తారా ముక్క? నేను కూర్చోవాల ఆడ. ఆయన పక్కన నేను కూర్చోవాల గోవిందూ." ఎవురైనా ముందర వాయించేవాళ్ళను సూసి సంతోషపడతారు. ఈయప్పకు గిటారాయన మీద కుళ్ళు, ఆ పిల్లోడి మీద కుళ్ళు, ముక్కుపుడక పాప మీద కుళ్ళు, మైదానం మీద కుళ్ళు.

అప్పుడు అంతా ఆగిపోయింది. ఆ లావాయన ఒక్కడే, మెల్లింగా. మొదటి ముక్క వినపడతానే నేను గుర్తు పట్టేసినా. ఇది కానుకల పాట కదా! స్టెల్లాను సూసినా. ఆయమ్మ అలవాటు కొద్దీ కొంగు తల మీదికి లాక్కోని, కండ్లు మూసుకోని, తల వంచుకోని ఉండాది. అంత జనంలో. ఆనక, ఏదో గుర్తొచ్చినట్ల కండ్లు తెరిసింది. స్టేజీని సూసింది. మొగుణ్ణి సూసింది. ఏమనిందో తెలుసా? "ఏమయ్యా, ఇది నీ పాట కదా. ఆ తెల్లాయనకు ఎట్ల తెలిసింది?" సుందరరాజు బూట్లు సూసుకుంటా ఉండాడు. ఆయమ్మ మోహన పక్క తిరిగింది. మోహన ఒగ్గ మాటతో సెప్పేయచ్చు. సెప్పలా. స్టేజీ పక్కకు తిరుక్కోని నిలబడినాడు, కండ్లల్లో నీళ్ళు కారతా ఉండాయి. అంతలో ముందర ముక్కుపుడక పాప ఆ రాగం పాడతా ఉండాది, పక్కోళ్ళు పాడతా ఉండారు, మైదానమంతా నోరు మూసుకోని ముక్కుతో అదే రాగం తీస్తా ఉండారు. స్టెల్లాకు అర్థమైపోయింది. స్టేజీ మీద గిటారాయన నడిసొచ్చి ఆర్గనాయన భుజం మీద సెయ్యి పెట్టినాడు. జనం అరిసిన అరుపుకు ఆకాశం పగిలిపోవాల. స్టెల్లా మాత్రం కొంగు తల మీదనించి దించేసింది.

ఆ పొద్దు బెంగుళూర్లోనే ఆయమ్మ అక్క ఇంట్లో పండుకున్నాం. పొద్దున బయలుదేరినాం. ముళబాగల్లో దోసె తినాల కదా, అక్కడ దిగకుండా పోతే పాపం. నెయ్యి దోసె, ఎర్రంగా, మధ్యలో మెత్తంగా... సుందరరాజు దోసె ముట్టలా. స్టెల్లా తినింది. తినేసి, సెయ్యి కడుక్కోని వచ్చి, అడిగింది. "అబద్ధం సెప్పినావు, సరే. మొగోళ్ళు సెప్తారు. చర్చిలో అందరి ముందర వాయించినావే ఆ పాట, ఇంట్లో నాకెందుకు తలుపేసినావు?" ఆయప్ప దోసె సూస్తానే అన్నాడు, "నువ్వు వింటే నీకూ నచ్చుతాదేమోనని." ఆయమ్మకు అర్థం కాలా. నాకూ అర్థం కాలా. "నచ్చితే ఏం?" అనింది. "నీకు నచ్చితే అది సగం నీది అయిపోతాది కదా. చర్చిలో అది ఎవురిదో ఎవురికీ తెలీదు. ఆ గదిలో అది నాది. ఇంగేముండాది నాకు? టైపు మిషన్లు తుప్పు పట్టినాయి, బిడ్డల్లేరు." స్టెల్లా తిడతాది అనుకున్నా నేను. లేదంటే ఏడస్తాది అనుకున్నా. సప్లయర్ను పిలిచి, "ఇంగొక దోసె తే అప్పా" అనింది. తిని, కార్లో కూర్చునింది.

మర్నాడు ఏం సేసిందో తెలుసా? ఆయమ్మే తిరపతికి బస్సెక్కి పోయి మోహనను పిలుసుకోని వచ్చింది. వాడు క్యాసెట్ల సంచి తెచ్చినాడు. ఇద్దురూ ముందర గదిలోకి పోయినారు. గడియ పెట్టేసింది ఆయమ్మ! నాలుగైదు సార్లు సూసినా ఆ తమాషా. లోపల పాట, మోహన సెప్తా ఉండాడు, "అక్కా, ఇప్పుడు ఇనండి, ఇప్పుడు గిటారు ఏడస్తాది సూడండి", ఆయమ్మ "అబ్బా, అవును కదా!" అని నవ్వతా ఉండాది. సుందరరాజు వచ్చి నా అరుగు మీద కూర్చోని, కాల్తా ఉండే పెనం మీద కూర్చున్నట్ల లేస్తాడు, కూర్చుంటాడు. "నా ఇల్లు, నా పెండ్లాం, నా పాట. నేను బయట! సూసినావా గోవిందూ?" అంటాడు. "పోయి తలుపు కొట్టప్పా" అంటా. "నేనెందుకు కొట్టాల?" అంటాడు. చివరికి ఒగ సాయంత్రం ఉండబట్టలేక పోయి తలుపు గుద్దినాడు. "మోహనా! సౌండు తగ్గియ్యి, ఆర్గను వినపడలా! ఆ కాడ ఎడమ సెయ్యి ముఖ్యం, నీకేం తెలుసు?" అని అరిసినాడు. గడియ తీసింది ఆయమ్మ. "తెలిసినోడు లోపలికొచ్చి సెప్పాల, బయట నిలబడి కాదు" అనింది. పోయినాడు. ఆ పొద్దు ముగ్గురూ పోట్లాడుకున్న పోట్లాట మా ఇంటికి వినపడింది. మా ఇంటామె గాజుల సెయ్యి నోటికడ్డం పెట్టుకోని ఒగటే నవ్వు.

చర్చిలో నిజం సెప్పినాడా అంటావా? సెప్పినాడు, సెప్పినాడు. ఒగ ఆదివారం కానుకలప్పుడు వాయించకుండా లేసి నిలబడి, "ఇది నేను కట్టింది కాదు, ఫలానా పడవోళ్ళది" అన్నాడంట. పాస్టరయ్య ఆలోచించి, "మంచిది, ఏ సంఘం వాళ్ళండీ వాళ్ళు?" అన్నాడంట. సుందరరాజుకు ఏం సెప్పాల్నో తెలీక, "ఇంగ్లండు సంఘం" అన్నాడంట. సరేలే వాయించండి అన్నారు. ఇప్పటికీ వాయిస్తారంటారు, ఈ మధ్య నేను పోయి వినలా. మంచోడైపోయినాడు అనుకుంటావేమో. లేదు. మోహన కొత్త రికార్డు తెస్తే, "ఎవురు తెమ్మన్నారు?" అనేవాడు. స్టెల్లా ఏదన్నా పాట బాగుండాది అంటే, "అది నేను నీకంటే ముందర విన్నా" అనేవాడు. కుళ్ళు పోలా. కాకపోతే తలుపు తీసి కుళ్ళుకునేవాడు.

ఆనక మూత్రపిండాలు చెడిపోయినాయి ఆయప్పకు. ఏళ్ళన్నీ వాచిపోయినాయి, పాపం, ఆ వెదురు పుల్లలు. ఒగ మద్యాన్నం ఆస్పత్రికి నేనూ మోహనా పోయినాం. జనరల్ వార్డు, అటూ ఇటూ మంచాలు. స్టెల్లా పక్కన స్టూలు మీద కూర్చోనుండాది, ఆయమ్మ పనిసేసిన ఆస్పత్రే కాబట్టి నర్సులంతా వచ్చి పలకరిస్తా ఉండారు. మోహన కొత్తగా ఫోను కొన్నాడు. అందులో ఆ బెంగుళూరు కచేరి పాట, ఎవురో రికార్డు సేసింది, దొరికిందంట. చెవుల్లో పెట్టుకునే తీగ తెచ్చినాడు. ఒగటి ఆయప్ప చెవిలో పెట్టి, ఇంగొకటి తన చెవిలో పెట్టుకోని, మంచం మీదికి వంగి, పాట పెట్టినాడు. "సార్, ఆర్గను వస్తాది ఇప్పుడు, ఇప్పుడొస్తాది." సుందరరాజు కండ్లు తెరిసి మోహనను సూసినాడు. ఆ వాచిన సెయ్యి ఎత్తినాడు. మోహన చెవిలోది ఊడబెరికినాడు! ఊడబెరికి, తీగ పట్టుకోని అట్ల సెయ్యి చాపినాడు స్టెల్లా పక్క. "ఇది నువ్వు పెట్టుకో. వాడు నిండా విన్నాడు" అన్నాడు. స్టెల్లా పెట్టుకునింది. తీగ పొట్టిది, ఆయమ్మ స్టూలు జరుపుకోని, తల ఆయప్ప దిండు మీద ఆనించల్సి వచ్చింది. ఇద్దురూ కండ్లు మూసుకున్నారు.

మోహన మంచం కాళ్ళ కాడ నిలబడినాడు. ఎప్పుడూ నవ్వేవాడు, నవ్వలా. ఆనక బయట టీ అంగట్లో గ్లాసు పట్టుకోని కూర్చోని, "అన్నా, ఇన్నేండ్లు ఆయన నన్ను సూసి కుళ్ళుకుంటా ఉంటే నాకు నవ్వొచ్చేదన్నా. ఈ పొద్దు నాకు కడుపులో మండతా ఉండాదన్నా. నాకు పడవోళ్ళ రికార్డులన్నీ ఉండాయి. నా చెవి పక్కన తల ఆనించి వినేవాళ్ళు ఒగ్గరన్నా లేరు" అన్నాడు. టీ చల్లారిపోయింది వాడిది. తాగలా.

ఆ వారంలోనే...

ఏంది, మబ్బు పట్టేసిందే? మిద్దె మీద మీ అవ్వ మిరక్కాయలు ఎండబెట్టుండాది. పో, పో, వాన పడకముందే బిన్నా పోయి తీసకరా.